మూడు ఆర్డర్లు, మూడింట్లోనూ చింపే ముక్క: ఏ పనికి ఏ పర్ఫరేషన్ కాగితం?

చైత్ర_డిజిటల్:
అందరికీ నమస్కారం. ఒకే కస్టమర్ నుంచి మూడు పనులు ఒకేసారి వచ్చాయి, మూడింట్లోనూ చింపి ఇచ్చే ముక్క ఉంది. మొదటిది ఏ4 ఉత్తరం, కింద మూడో వంతు జవాబు చీటీ, ప్రతి సభ్యుడి పేరూ నంబరూ మారుతూ వస్తాయి కాబట్టి లేజర్ ప్రింటర్‌లోనే కొట్టాలి. రెండోది మూడు కాపీల రసీదు పుస్తకం, ఎన్‌సీఆర్ మీద, అంటే కార్బన్ పెట్టకుండానే రాత కింది కాపీకి దిగే కాగితం. మూడోది ప్రవేశ టికెట్, గట్టి కార్డు, గేటు దగ్గర చింపి ఒక ముక్క వాళ్ళు ఉంచుకుంటారు.
కాగితం అమ్మేవాళ్ళు ముందే పర్ఫరేషన్, అంటే తేలిగ్గా చింపడానికి వరసగా చిన్న కోతలు, వేసిన షీట్లు చూపిస్తున్నారు. ఒకటి మైక్రో అంటారు, ఇంకొకటి మామూలుది అంటారు, ఏది దేనికి పనికొస్తుందో మాత్రం చెప్పరు. మామూలుది శాంపిల్‌గా తెచ్చి లేజర్‌లో వేస్తే గీత దగ్గరే ముడుచుకుని ఇరుక్కుంటోంది. మూడింటికీ ఒకే రకం తీసుకోవచ్చా? లేక అచ్చయ్యాక బయట వేయించుకోవడమే మేలా?

పాతప్రెస్_వాసు:
ఒకే రకం కుదరదు చైత్ర గారూ. కాగితం పేరు అడిగే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. ఆ ముక్కని చివరికి ఎవరు, ఎంత తీరిగ్గా చింపుతారు? చింపేలోపు ఆ కాగితం ఏయే మెషిన్ల గుండా పోవాలి? ఈ రెండూ తెలిస్తే మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది. ఇంట్లో కూర్చుని నెమ్మదిగా మడిచి చింపే జవాబు చీటీ వేరు, గేటు దగ్గర జనం తోసుకుంటుంటే ఒక్క లాగుతో తెగాల్సిన టికెట్ వేరు.
మామూలు పర్ఫరేషన్ అంటే రూలుకి, అదే కోత వేసే స్టీలు పట్టీకి, ఇంచికి 8 నుంచి 12 పళ్ళ దాకా ఉంటాయి. కోతలు పొడుగ్గా ఉంటాయి, కోతకీ కోతకీ మధ్య మిగిలే అతుకు కూడా పెద్దదే. మైక్రో అంటే ఇంచికి 50 నుంచి 70 పళ్ళ వరకు, కోత కంటికి సరిగ్గా కనపడదు, చింపాక అంచు కత్తిరించినంత నున్నగా వస్తుంది. మీ మొదటి పనికి మైక్రో తప్ప వేరే దారి లేదు. లేజర్‌లో ఫ్యూజర్ (పొడి సిరాని కరిగించి కాగితానికి అంటించే భాగం) వేడి 180 డిగ్రీలు దాటుతుంది, కాగితంలో తడి ఒక్కసారిగా పోయి అది వంకర తిరుగుతుంది, ఆ వంకర ఎక్కడ తేలిగ్గా మడత పడుతుందో అక్కడే పడుతుంది, అంటే పెద్ద కోతలున్న గీత దగ్గర. మీకు ఇరుక్కుంటున్నది అందుకే.

మురళి_ఆఫ్‌సెట్:
వాసు గారు చెప్పిందానికి ఒకటి కలుపుతాను. షీటు ఎటు నుంచి లోపలికి వెళ్తోందో చూసుకోండి. ఏ4 పొడవు 297 మి.మీ., మీ చీటీ మూడో వంతు అంటే గీత కింది అంచు నుంచి 99 మి.మీ. దగ్గర ఉంటుంది. ఉత్తరం పై భాగం ముందు వెళ్ళేలా ట్రేలో పెడితే గీత వెనక వస్తుంది, రోలర్లు అప్పటికే కాగితాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి. తిరగేసి పెడితే బలహీనమైన ముక్క ముందు దూరుతుంది, ఇరుక్కోవడం ఎక్కువవుతుంది. చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. రెండు వైపులా ప్రింట్ పెడితే షీటు వెనక్కి తిరిగి రెండోసారి వెళ్ళేటప్పుడు చాలా మెషిన్లలో వెనక అంచే ముందు అంచు అవుతుంది. ఒకవైపు చక్కగా వచ్చి రెండో వైపు ఇరుక్కుంటుంటే కారణం అక్కడ వెతకండి.

చైత్ర_డిజిటల్:
రెండు వైపులా ఉంది సార్, వెనక నిబంధనలు వస్తాయి. అయితే నిబంధనలు ముందే ఆఫ్‌సెట్‌లో కొట్టించేసి, పేర్లు మాత్రం లేజర్‌లో ఒకవైపు వేస్తే?

మురళి_ఆఫ్‌సెట్:
అదే మంచి పద్ధతి. కాకపోతే ఆఫ్‌సెట్ సిరా లేజర్ వేడికి తట్టుకునేది వేయమని ముందే చెప్పండి. మామూలు సిరా సరిగ్గా ఆరకపోతే ఫ్యూజర్ రోలర్‌కి అంటుకుని తర్వాతి షీట్ల మీద నీడలా పడుతుంది. ఆరడానికి తగినంత టైం ఇవ్వండి, తొందరపడొద్దు. వరుస కూడా ఇలా పెట్టుకోండి: ముందు ఆఫ్‌సెట్ అచ్చు, తర్వాత మైక్రో పర్ఫరేషన్, చివర లేజర్‌లో పేర్లు. మీ దగ్గర రోటరీ మైక్రో చక్రం (తిరుగుతూ మైక్రో కోత వేసేది) ఉంటే పేర్లు కూడా అయిపోయాక చివర్లో పర్ఫరేషన్ వేయండి, అంతకన్నా సుఖం లేదు.

బైండింగ్_గోపి:
అన్నలిద్దరూ మెషిన్ గురించి చెప్పారు, నేను గ్రెయిన్ గురించి చెప్తా. ఎందుకంటే చింపినప్పుడు గీత దాటి లోపలికి చిరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఎక్కువగా ఒకే దిశలో పడుకుంటాయి, ఆ దిశనే గ్రెయిన్ అంటాం. ఆ దిశలో చింపితే తిన్నగా, తేలిగ్గా చిరుగుతుంది. అడ్డంగా చింపితే మొండికేస్తుంది, పక్కకి పోతుంది. పాత పేపరు ఒకటి తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి, ఎవరూ చెప్పక్కర్లేదు.
బజార్లో దొరికే ఏ4 చాలావరకు లాంగ్ గ్రెయిన్, నారలు 297 వైపు నడుస్తాయి. మీ జవాబు చీటీ గీత 210 వైపు వెళ్తోంది, అంటే గ్రెయిన్‌కి అడ్డం. అలాంటప్పుడు కోతలు దగ్గరదగ్గరగా ఉంటేనే చిరుగు దారి తప్పదు, ఇక్కడ మైక్రో కావాలనడానికి ఇంకో కారణం ఇది. అదే గీత నిలువుగా ఉంటే గ్రెయినే సాయం చేస్తుంది, అప్పుడు అతుకులు కాస్త ఎక్కువే వదలాలి, లేకపోతే కట్ట సర్దుతుంటేనే విడిపోతుంది.
గ్రెయిన్ ఎటో తెలియకపోతే చిన్న ముక్క చదరంగా కోసి ఒకవైపు తడి చేయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉంటే గ్రెయిన్ ఆ దిశ.

లలిత_లేఔట్:
డిజైన్ చేసేవాళ్ళ వైపు నుంచి ఒక విన్నపం. గీత మీదుగా ముదురు రంగు పట్టీ పోనివ్వకండి. టోనర్, అంటే లేజర్‌లో వాడే పొడి సిరా, కాగితం లోపలికి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. తర్వాత పర్ఫరేషన్ పడితే గీత పొడుగునా ఆ పొర పగిలి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, ముదురు నీలం మీదా నలుపు మీదా మరీ అసహ్యంగా ఉంటుంది. ఇంక్‌జెట్ అయితే ఇంకో ఇబ్బంది, ముందే కోసిన షీటు మీద తడి సిరా కోతల్లోకి పాకి గీత పక్కన ఈకల్లా విచ్చుకుంటుంది. నేను గీతకి అటూ ఇటూ 3 మి.మీ. ఖాళీ వదిలేస్తాను. అక్షరాలైతే 5 మి.మీ. దూరంలో పెడతాను. కస్టమర్ గీత మీద కత్తెర బొమ్మ కావాలంటే దాన్ని అంచున చిన్నగా పెట్టండి, గీత పొడుగునా చుక్కల లైను అచ్చు వేయొద్దు. పర్ఫరేషన్ అర మిల్లీమీటరు పక్కకి జరిగినా ఆ లైనూ ఈ లైనూ వేర్వేరుగా కనపడి పని మొత్తం వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది.

చైత్ర_డిజిటల్:
లలిత గారూ, నా లేఔట్‌లో సరిగ్గా చుక్కల లైనే ఉంది, తీసేస్తున్నాను. కాగితం ఎంత జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్న బరువు) తీసుకోమంటారు? 70 ఐతే చవక అని కస్టమర్ అంటున్నారు.

పాతప్రెస్_వాసు:
పర్ఫరేషన్ ఉన్నది లేజర్‌లో తోయాలంటే 70 వద్దు, 90 గానీ 100 గానీ తీసుకోండి. 70 జీఎస్ఎంలో కోతలు పడ్డాక మిగిలే అతుకుకి బలమే ఉండదు. ఆ తేడా డబ్బులు వేస్టేజ్‌లోనే పోతాయని కస్టమర్‌కి చెప్పండి. ఆర్ట్ పేపర్ వద్దు, మాప్లిథో లాంటి పూత లేనిదే తీసుకోండి, జవాబు చీటీ మీద పెన్నుతో రాయాలి కదా.
ఇంకోటి, గీత అంచు దాకా పోవాలా వద్దా అన్నది. చివర్లలో రెండు మూడు మిల్లీమీటర్లు కోయకుండా వదిలేస్తే మెషిన్‌లో చిరుగు మొదలవడానికి చోటుండదు. చింపేటప్పుడు కొంచెం గట్టిగా లాగాల్సొస్తుంది, జవాబు చీటీకి పర్వాలేదు. గేటు టికెట్‌కి మాత్రం ఆ పని చేయొద్దు, అక్కడ చిరుగు అంచు నుంచే అందుకోవాలి.

స్టాంపులు_దాచేవాడు:
నేను ప్రెస్ మనిషిని కాను, తపాలా బిళ్ళలు సేకరిస్తాను, కానీ ఈ చర్చ చూశాక ఊరుకోలేకపోయా. పళ్ళ సంఖ్య విషయంలో మీరంతా మాట్లాడుతున్న తలనొప్పి బ్రిటన్ తపాలా వాళ్ళకి 1850ల్లోనే వచ్చింది. 1840లో మొదటి బిళ్ళలు వచ్చినప్పుడు చిల్లుల్లేవు, కత్తెరతో కోసుకునేవాళ్ళు. హెన్రీ ఆర్చర్ అనే ఆయన చిల్లులు వేసే మెషిన్ మీద ఏళ్ళ తరబడి కష్టపడితే 1854లో పెన్నీ రెడ్ బిళ్ళలు అధికారికంగా చిల్లులతో వచ్చాయి. 2 సెంటీమీటర్లకి 16 చిల్లులు పెట్టారు. షీట్లు చేతిలోనే విడిపోతున్నాయని మరుసటి ఏడాదే 14కి తగ్గించారు. ఇప్పటికీ మేం బిళ్ళల్ని 2 సెం.మీ.కి ఎన్ని చిల్లులన్న లెక్కతోనే గుర్తుపడతాం.

మురళి_ఆఫ్‌సెట్:
చాలా మంచి సంగతి చెప్పారు. దీంట్లో మా పనికి పనికొచ్చేది ఒకటుంది, చైత్ర గారు గమనించాలి. బిళ్ళల్లో గుండ్రటి చిల్లు, అంటే కాగితం ముక్క బయటికి వచ్చేస్తుంది. చిల్లు సైజు అలాగే ఉంచి సంఖ్య పెంచితే మధ్యలో కాగితం తగ్గి బలహీనమవుతుంది. మన రూలుతో వేసేది చీలిక, కాగితం ఏమీ బయటికి రాదు. అందుకని పళ్ళ సంఖ్య ఒక్కటే చూసి బలం తేల్చలేం, కోత ఎంత, అతుకు ఎంత అన్నది కూడా అడగాలి. ఇంచికి 12 పళ్ళున్న రెండు రూళ్ళు తీసుకుని ఒకదాంట్లో కోత పొడుగ్గా, ఇంకోదాంట్లో అతుకు పొడుగ్గా ఉంటే, ఒకటి ముట్టుకుంటే తెగుతుంది, ఇంకోటి రెండు చేతులా లాగినా తెగదు. సప్లయర్ ‘12 పళ్ళు’ అని ఊరుకుంటే ఊరుకోకండి.

బైండింగ్_గోపి:
రసీదు పుస్తకం గురించి ఎవరూ మాట్లాడలేదు, అసలు జాగ్రత్త అంతా దాంట్లోనే ఉంది. ఎన్‌సీఆర్‌లో పై కాగితం వెనక చిన్న చిన్న రంగు గుళికల పూత ఉంటుంది, దాన్ని సీబీ అంటాం. మధ్య కాపీకి ముందు మట్టి పూత, వెనక గుళికలు, అది సీఎఫ్‌బీ. అడుగు కాపీకి ముందు వైపు మాత్రమే పూత, అది సీఎఫ్. పెన్ను ఒత్తిడికి గుళికలు చితికి కింద కాగితం మీద రాత పడుతుంది. పర్ఫరేషన్ రూలు కూడా ఒత్తిడే కదా! మూడు కాపీలు కలిపేసి ఒకే దెబ్బలో వేస్తే గీత పొడుగునా నీలం చార పడుతుంది, పైగా కోతల దగ్గర మూడు కాగితాల నారలు ఒకదాన్నొకటి పట్టుకుని చింపేటప్పుడు ఒకటి లాగితే రెండు వస్తాయి.
కాబట్టి ఏ కాపీకి ఆ కాపీ విడిగా వేయించి, తర్వాత వరుస కలపండి. వేసిన కట్టల మీద బరువు పెట్టొద్దు. ఒక సీఎఫ్‌బీ వెనక వైపు ఇంకో సీఎఫ్‌బీ ముందు వైపుకి ఆనుకుని ఉంటుంది, గీత దగ్గర ఉబ్బు నొక్కుకుంటే కట్టలోనే చార వచ్చేస్తుంది. పుస్తకంలో ఉండిపోయే మూడో కాపీకి పర్ఫరేషన్ అక్కర్లేదు, అది వేయకపోతే పని కూడా తగ్గుతుంది. గీత పిన్ను నుంచి కనీసం 12 మి.మీ. దూరంలో ఉండాలి, లేదంటే పుస్తకం తెరిచినప్పుడు మడత గీత మీదే పడి చింపకుండానే కాగితాలు ఊడతాయి.

చైత్ర_డిజిటల్:
గోపి అన్నా, ఇది తెలియక మూడూ కలిపే వేయిద్దామనుకున్నా. నంబరింగ్ మరి? అది కూడా విడివిడిగానా?

బైండింగ్_గోపి:
నంబరింగ్‌కి ఎన్‌సీఆర్ స్వభావమే సాయం. సెట్టు కలిపాక పై కాపీ మీద గట్టిగా కొడితే కింద కాపీల మీద కూడా పడుతుంది, మూడు కాపీల్లోనూ ఒకే నంబరు, పొరపాటుకి తావు లేదు. ముందు విడిగా పర్ఫరేషన్, తర్వాత కలపడం, తర్వాత నంబరు, చివర బైండింగ్. రూలు అయితే ఇంచికి 10 లేదా 12 పళ్ళది చాలు, మైక్రో వద్దు, ఎన్‌సీఆర్ పల్చగా ఉంటుంది, కౌంటర్ దగ్గర పుస్తకం రోజూ తెరిచి మూస్తుంటే మైక్రో నిలవదు.

లలిత_లేఔట్:
రసీదులో సంతకం గడి గీతకి దగ్గరగా పెట్టకండి. అక్కడ చెయ్యి ఆనించి రాస్తారు, కాగితం అక్కడే చిరుగుతుంది.

పాతప్రెస్_వాసు:
ఇక టికెట్. కార్డు ఎంత మందం, పైన లామినేషన్ ఉందా?

చైత్ర_డిజిటల్:
250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. మ్యాట్ లామినేషన్ అడుగుతున్నారు. వర్షంలో తడిసినా పాడవకూడదట.

పాతప్రెస్_వాసు:
లామినేషన్ వద్దని గట్టిగా చెప్పండి. ఆ ప్లాస్టిక్ పొర తెగదు, సాగుతుంది. గేటు దగ్గర మనిషి లాగితే కార్డు చిరిగి పొర మాత్రం తోకలా వేలాడుతుంది, రెండో చేత్తో దాన్ని మెలిపెట్టి తెంపాలి, వెనక లైను పెరిగిపోతుంది. తప్పదంటే లామినేషన్ అయ్యాక డై (రూళ్ళు బిగించిన కోత అచ్చు) మీద వేయించండి, అతుకు చిన్నదిగా, కోత పొర దాటి కిందిదాకా దిగేలా. లామినేషన్ బదులు వార్నిష్ వేస్తే తడికి కొంత ఆగుతుంది, చింపడానికి అడ్డం రాదు.
పూర్తిగా తడి తట్టుకోవాలంటే సింథటిక్ కాగితం ఉంది, కానీ అది చిరగకుండా ఉండడానికే చేసింది. దాని మీద మామూలు రూలు వేస్తే అతుకు దగ్గర ఆగిపోతుంది, బలంగా లాగితే గీత వదిలేసి అడ్డదిడ్డంగా పోతుంది. పొడుగు కోత, సన్నటి అతుకు పెట్టి ముందు శాంపిల్ లాగి చూసుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట, మీ లేజర్ మెషిన్‌కి పనికొస్తుందని సప్లయర్ రాసి ఇవ్వని సింథటిక్‌ని ఫ్యూజర్‌లోకి పంపొద్దు, కరిగి రోలర్‌కి చుట్టుకుంటే ఖర్చు మామూలుగా ఉండదు.

మురళి_ఆఫ్‌సెట్:
టికెట్‌కి గ్రెయిన్ మీరే ఎంచుకోవచ్చు, ఎందుకంటే పెద్ద షీట్లో ఎలా సర్దుతారన్నది మీ చేతుల్లో ఉంది. చింపే గీత టికెట్ పొట్టి వైపు ఉంటుంది కాబట్టి గ్రెయిన్ కూడా ఆ పొట్టి వైపే వచ్చేలా సర్దండి. షీటుకి ఒక టికెట్ తగ్గినా సరే, నేనైతే ఆ సర్దుడే ఒప్పుకుంటాను. 250 జీఎస్ఎం కార్డులో గ్రెయిన్‌కి అడ్డంగా గీత వేస్తే పూత పగిలి అంచు పొరలు పొరలుగా లేస్తుంది.
పర్ఫరేషన్ డై మీదే వేయించండి. ఆఫ్‌సెట్ మీద స్టీలు పట్టీ అంటించి వేసే పద్ధతి ఉంది, పల్చటి కాగితానికి బాగుంటుంది, కార్డుకి వాడితే బ్లాంకెట్ (మెషిన్‌లో సిరాని కాగితానికి దించే రబ్బరు షీటు) తొందరగా కోసుకుపోతుంది. ఎవరైనా అలా వేస్తామంటే చివరి యూనిట్‌లో, సిరా లేకుండా, పాత బ్లాంకెట్ మీద వేస్తారా అని అడగండి. ఆ ప్రశ్నకి తడబడితే పని ఇవ్వకండి.

బైండింగ్_గోపి:
కటింగ్‌లో కూడా జాగ్రత్త. పర్ఫరేషన్ పడ్డ షీట్లు గీత దగ్గర కాస్త ఉబ్బుతాయి. ఒక్క షీట్లో తెలియదు, కట్ట పేరిస్తే మధ్యలో మూపురం లేస్తుంది. పెద్ద కట్ట కటింగ్ మెషిన్‌లో పెడితే క్లాంపు ఆ మూపురాన్ని నొక్కి షీట్లు పక్కకి జరుగుతాయి, పైనున్న టికెట్‌కీ కిందున్న టికెట్‌కీ సైజు తేడా వస్తుంది. చిన్న చిన్న కట్టలుగా కోయండి. లేజర్ ట్రేలో కూడా అంతే, నిండా పెట్టకుండా సగం పెట్టి, పెట్టే ముందు కట్ట బాగా విదిలించండి. విదిలిస్తే షీట్లు విడిపోవడమే కాదు, కోతల్లోంచి రాలే దుమ్ము కూడా బయటే పడుతుంది. ఆ దుమ్ము లోపలికి పోతే డ్రమ్ము మీద గీతలు పడతాయి.

చైత్ర_డిజిటల్:
మీరు చెప్పినట్టే శాంపిళ్ళు వేయించి చూశాను, అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. 100 జీఎస్ఎం మాప్లిథో, మైక్రో, వెనక వైపు ఆఫ్‌సెట్, ముందు పేర్లు లేజర్‌లో, ఉత్తరం పై భాగం ముందు వెళ్ళేలా పెట్టాను. ఎక్కడా ఇరుక్కోలేదు. ఒకసారి మడిచి చింపితే అంచు నున్నగా వచ్చింది, మడవకుండా చింపితే చివర్లో కొంచెం పక్కకి పోయింది. కస్టమర్ ‘మడిచి చింపండి’ అని చీటీ మీద చిన్న అక్షరాల్లో వేయమన్నారు.
టికెట్‌కి లామినేషన్ మానుకున్నారు, లామినేషన్ చేసిన శాంపిలూ వార్నిష్ శాంపిలూ రెండూ వాళ్ళ చేతికే ఇచ్చి లాగి చూడమన్నాను, మాటలతో పని లేకపోయింది. ఒక్క అనుమానం మిగిలింది. అచ్చయిన షీట్లు కొన్ని రోజులు ఉంచి, మిగతా పేర్లు తర్వాత కొట్టాలి. అలా ఉంచితే ఏమైనా ఇబ్బందా?

పాతప్రెస్_వాసు:
ఉంచొచ్చు, కానీ రీము కవరు విప్పి వదిలేయొద్దు. గాలిలో తడి ఎక్కువైతే కాగితం పీల్చుకుని అంచులు అలలు తిరుగుతాయి, మరీ పొడిగా ఉంటే అతుకులు పెళుసెక్కి ట్రేలోనే తెగుతాయి. గది తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కాగితానికి హాయి. మిగిలిన షీట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నేల మీద కాకుండా చెక్క మీద పడుకోబెట్టి ఉంచండి, నిలబెట్టొద్దు. కొట్టే ముందు రోజే తెచ్చి మెషిన్ ఉన్న గదిలో కవరు విప్పకుండా పెట్టండి, కాగితం ఆ గది వేడికి అలవాటు పడ్డాకే విప్పాలి.

బైండింగ్_గోపి:
చైత్రా, టికెట్లు డెలివరీకి కట్టేటప్పుడు రబ్బరు బ్యాండు గీత మీద పడకుండా చూడు, పెద్ద ముక్క వైపు వెయ్యి. కట్టకీ కట్టకీ మధ్య ఒక అట్ట ముక్క పెట్టు. డబ్బాలో పడుకోబెట్టే సర్దు, నిలబెడితే దారిలో ఊగి చివరి ముక్కలు విడిపోతాయి.